పటేల్‌గూడ పలక, భీమిలి అల

పటాన్‌చెరులో బస్సు దిగేవాళ్ళలో ఎక్కువమంది పని వెతుక్కుంటూ దిగుతారు. భుజాన సంచీ, చేతిలో బకెట్టు, బకెట్టులో కుక్కిన దుప్పటి. నాలుగేళ్ళ కిందట నేనూ అలాగే దిగాను. ఈసారి సంచీలో రెండు జతల బట్టలు, వదినగారికి ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం, వాటి అడుగున జానెడు చెక్క ముక్క ఉన్నాయి. ఆ ముక్కను ఒక మనిషి చేతిలో పెట్టి, నేనాడిన అబద్ధాన్ని ఒప్పుకుని రావాలి. నా ప్రయాణం అందుకే. చూడదగ్గ చోట్ల గురించి రాస్తాడనుకున్నవారు మన్నించాలి. నేను చూసినవి కొన్ని వాకిళ్ళు, ఒక చెక్కల అడితి, ఒక నీటి గుంట.

మాది భీమిలి దాటాక వచ్చే ఒక జాలరిపేట. నేను ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుని. మా పేటలో విరిగిన తెప్ప చెక్క దొరికితే చాలు, దాన్ని పొట్ట కింద పెట్టుకుని అల విరిగే చోటికి ఎదురీది, అల లేచినప్పుడు దానితోపాటు ఒడ్డుకు జారిపోయేవాళ్ళం. ఇప్పుడు దాన్నే సర్ఫింగ్ అంటున్నారు. విశాఖ తీరంలో రంగురంగుల బోర్డులు అద్దెకిస్తున్నారు. నలభై దాటినా నాకా పిచ్చి వదల్లేదు, కానీ నాకు కావలసింది చెక్క పలకే. పలచగా, మనిషంత పొడుగున, కింద రెక్కలేవీ లేకుండా, పాతకాలపు పద్ధతిలో ఉండాలి.

నాలుగేళ్ళ కిందట పటాన్‌చెరులో ఏడాది కాంట్రాక్టు పని దొరికినప్పుడు పటేల్‌గూడలో యాదగిరి అన్న ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. ఆయన ముప్పై రెండేళ్ళు ఒక పెద్ద ఫ్యాక్టరీ ప్యాటర్న్ షాపులో పని చేసి రిటైరైన మనిషి. ఇనుప భాగాన్ని పోత పోయాలంటే ముందు అదే ఆకారాన్ని చెక్కతో చేసి ఇసుకలో అద్దాలి. ఆ అచ్చులో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క ఆకారమే ప్యాటర్న్. చెక్కలో గీత తేడా వస్తే ఇనుములో కూడా ఆ తేడా వస్తుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ మనిషికి నేను కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, నాలుగు చెక్కలు జిగురుతో జోడించి నా పలక చేసిచ్చాడు. దాని మీద ఒక వానాకాలమంతా అలలెక్కాను. అంత మంచి పలక నా జన్మలో ఎక్కలేదు.

తరవాతి వేసవిలో దాన్ని ఐసు ఫ్యాక్టరీ రేకుల కప్పు మీద పడేసి మరిచిపోయాను. మరిచిపోయానన్నది కూడా పూర్తి నిజం కాదు. రోజూ కనబడేది. రేపు దించుదాంలే అనుకునేవాణ్ణి. నెల రోజుల ఎండకు నడి చెక్క నిలువునా చీలింది. ఆ వారంలోనే యాదగిరి అన్న ఫోన్ చేశాడు. “తమ్మీ, పలక ఎట్లున్నది? మంచిగ ఉరుకుతున్నదా?” పక్కన నలుగురు స్నేహితులున్నారు. “జోడు ఊడిపోయిందన్నా, మీ జిగురు సముద్రానికి ఆగలేదు” అనేశాను. “అట్లనా” అని పెట్టేశాడు. ఒక్క వాక్యం. రెండేళ్ళపాటు దాని సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

మొన్న యాదగిరి అన్న భార్య సత్తెమ్మ వదిన ఫోన్ చేసింది. “తమ్మీ, మీ సముద్రంల ఉప్పు ఎంతుంటది? బిందెడు నీళ్ళకు ఎన్ని గుప్పిళ్ళు?” అని అడిగింది. ఎందుకు వదినా అంటే చెప్పింది. విన్నాక ఆ రాత్రే రంపం తీసి జానెడు ముక్క కోసి సంచీలో వేశాను. మర్నాడు సెలవు పెట్టాను.

పటేల్‌గూడ: నీలం డ్రమ్ము

నేనున్నప్పుడు ఖాళీగా ఉన్న జాగాల్లో ఇప్పుడు ఐదంతస్తుల ఇళ్ళు లేచాయి. సందు పోల్చుకోలేక రెండుసార్లు తప్పు గుమ్మం ముందు నిలబడ్డాను. రెండో ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, “వడ్రంగం చేసే యాదగిరన్ననా? ఇప్పుడు చేస్తలేడు గద” అంది. సగం తాగిన గ్లాసు ఆమె చేతికిచ్చేశాను.

వాకిట్లో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. దానిలో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో రెండేసి చెక్కలు జోడించి అతికిన ముక్కలు, అరచేతంతవి, ఎన్నో తేలుతున్నాయి. ప్రతి ముక్క మీదా పెన్సిలుతో రాత ఉంది: ఏ జిగురు, ఎన్ని రోజులు. గోడవారగా ఎండబెట్టిన ముక్కలు ఇంకో వరస. వడ్రంగి బల్ల మీద బట్ట కప్పి ఉంది. దాని మీద వదిన బియ్యం డబ్బాలు పెట్టుకుంది.

యాదగిరి అన్న నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. “వచ్చినవా రాజు! నువ్వు రావాల్నని అనుకుంటున్న. ఒక్క జోడు కూడ ఊడుతలేదు తమ్మీ. ఆర్నెల్లు నానబెట్టిన. మరి నీ పలక ఎట్ల ఊడింది? ఏ దిక్కు ఊడింది? ఎడమనా కుడినా?”

చెప్పవలసిన సమయం అదే. నా నోటి నుంచి వచ్చింది మాత్రం “ఎడమవైపు” అన్న మాట. ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఒక అట్టముక్క మీద అది కూడా రాసుకున్నాడు. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వస్తుందని అప్పుడు తెలిసింది.

కూర్చున్న కాసేపటికే మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చాడు. చిన్న ఫౌండ్రీ నడుపుతాడట. చేతిలో డ్రాయింగు కాగితం చుట్ట.

“మేస్త్రీ, పంపు బాడీ ప్యాటర్న్. నీ అంత సాఫుగ చేసెటోడు ఈ లైన్ల లేడు. జెర చూడు.”

“నేను చేస్తలేను సేటూ. వేరెటోళ్ళకు ఇయ్యి.”

“గిదే మాట మొన్న గూడ అన్నవు. పానం మంచిగలేదా?”

“పానం మంచిగనే ఉన్నది. చెయ్యే మంచిగలేదు.”

ఆయన వెళ్ళిపోయాక వదిన నా వైపు చూసి తల ఊపింది. చూశావుగా అన్నట్టు. ఆమెకు నిజం తెలియదు. నేను వచ్చి ధైర్యం చెబుతానని ఆమె ఆశ.

ఆ పూట జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. మా వైపు చోడి, అంటే రాగి, అంబలి తాగి చేపల పులుసు తినే నాకు జొన్నరొట్టె తుంపడం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. “ఒక్క చేత్తోని ఇరువు తమ్మీ, రెండు చేతులు పెడ్తే అది కుస్తీ” అని వదిన నవ్వింది. నేను తెచ్చిన నెత్తళ్ళు వేయించింది. ఆ వాసనకు పక్కింటి పిల్లి, దాని వెనక పక్కింటావిడ ఇద్దరూ వచ్చారు.

పాశమైలారం: పెట్టెల చెక్క

మర్నాడు యాదగిరి అన్న నన్ను పాశమైలారం తీసుకెళ్ళాడు. మొదటి పలకకు వాడిన రకం చెక్క మీదే ఇంకోసారి జోడు పరీక్షించాలట. ఊరు ఒక పక్క, ఫ్యాక్టరీలు ఒక పక్క. గాలిలో ఘాటైన మందుల వాసన. నేను ముక్కు మూసుకుంటే ఆయన, “మీ ఐసు ఫ్యాక్టరీల అమ్మోనియా కంటే ఇది నయం” అన్నాడు. నిజమే. ఎవరి వాసన వారికి ఇల్లు.

పరదేశాల నుంచి మిషన్లు వచ్చే పెట్టెలు ఇక్కడే ఒక అడితిలో విప్పుతారు. పైన్ చెక్కలు, తేలికగా, తెల్లగా, అక్కడక్కడా కొమ్మ కణుపుల కన్నులతో గుట్టలుగా పడి ఉన్నాయి. నా మొదటి పలక పుట్టింది ఈ గుట్టలోనే. యాదగిరి అన్న ఒక్కో చెక్కను కొసన పట్టుకుని రెండో కొస నేలకు తట్టేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. “మోగిందంటే లోపల చీలిక లేదు. దబ్బుమన్నదంటే పక్కకు పెట్టు.” కొసన పోగు ఎలా తిరిగిందో చూపించాడు. పోగు నిలువుగా ఉన్న చెక్క నీళ్ళకు వంగదు, అడ్డంగా పడుకున్నది దోనెలా వంగుతుంది. ఇంత చూసి ఎంచిన చెక్కను నేను రేకుల మీద పడేశాను.

అడితి ముందు బిహారు నుంచి వచ్చిన ఒకాయన సత్తు నీళ్ళు అమ్ముతున్నాడు. వేయించిన శనగల పిండి, ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలిపి పెద్ద గ్లాసుతో ఇరవై రూపాయలు. మధ్యాహ్నం షిఫ్టు కుర్రాళ్ళకు అదే భోజనం. నేను ఆపకుండా తాగేశాను.

“ఔర్ ఏక్?” అన్నాడాయన.

“వద్దు బాబూ, ఏటిది, కడుపులో సిమెంటు పోసినట్టుంది.”

యాదగిరి అన్న నవ్వాడు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వింది అదొక్కసారే. ‘ఏటి’ అన్న మా మాట ఆయనకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. అది చూసి, ఇప్పుడు చెబుదామనుకున్నాను. గ్లాసు దించి, “అన్నా” అన్నాను. “ఆఁ?” అన్నాడు. “ఈ చెక్క ఎంత?” అన్నాను.

నా పిరికితనాన్ని ఇంకోసారి వర్ణించను. అదే పాత ముఖం.

కంది: నీటి గుంట

మూడో రోజు పొద్దున్నే అన్న గదిలో నుంచి గోనెసంచీ చుట్టిన పొడుగాటి వస్తువు బయటికి లాగాడు. ఇద్దరం మోయవలసి వచ్చింది. అది రెండో పలక. నా మాట విన్నాక చేశాడట. జోడు ఊడకూడదని తేలిక పైన్ మాని బరువైన మద్ది చెక్కను రెట్టింపు మందాన వేసి, జోడు జోడుకూ వెదురు మేకులు దిగేసి, పైన రెండు అడ్డపట్టీలు కొట్టాడు. తలుపంత బరువుంది.

“కందిల మా బామ్మర్ది పొలంల గుంట ఉన్నది. దాంట్ల ఏసి చూద్దాం. ఎక్కెటోడివి నువ్వే ఉన్నవు గద.”

కంది దగ్గర రోడ్డుకు ఒక పక్క పెద్ద చదువుల క్యాంపస్, దాని గోడ ఆనుకుని చేలు. సత్తెమ్మ వదిన తమ్ముడు నర్సింలు అక్కడ కూరగాయలు వేస్తాడు. బోరు నీళ్ళు నిలవ చేసుకోవడానికి నల్ల ప్లాస్టిక్ పరిచిన గుంట ఉంది. ట్రాలీ ఆటోలో నుంచి పలక దించుతుంటే నర్సింలు చుట్టూ తిరిగి చూశాడు.

“బావా, గిది అలలు ఎక్కనీకా, అలలను తొక్కి సంపనీకా?”

“నీకు తెల్వదు, ఊకో.”

“నాకు తెల్వకపోతే మానె. గొర్లు దాటనీకి పనికొస్తది, నాకిచ్చి పోండ్రి.”

నేను చొక్కా విప్పి దిగాను. పలక తేలింది, కానీ పై అంచు దాకా నీళ్ళలో మునిగే. మీద పడుకోగానే ఒక పక్కకు ఒరిగి, నన్ను కింద వేసుకుని బోర్లా పడింది. పైకి వచ్చి గట్టు పట్టుకుందామంటే ప్లాస్టిక్ పాకుడు పట్టి ఉంది. ఎక్కుతున్నాను, జారుతున్నాను. నర్సింలు తలపాగా విప్పి విసిరాడు. దాన్ని పట్టుకుని బొక్కబోర్లా గట్టు మీదికి వచ్చి పడ్డాను. “సముద్రపోడు గుంటల మునిగిండు! ఊరంత చెప్త!” అని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

యాదగిరి అన్న నవ్వలేదు. గట్టు మీద కూర్చుని బోర్లా పడ్డ పలకనే చూస్తున్నాడు.

“జోడు ఊడొద్దని బరువు పెంచిన. బరువు పెంచితే తేలుతలేదు. ముప్పై రెండేండ్లు చేసిన తమ్మీ. ఒక్క ప్యాటర్న్ వాపస్ రాలే. ఇప్పుడు తెలుస్తున్నది, ఇన్నొద్దులు అదృష్టంతోని నడిచింది, నాకు పని రాదు. రేపు బల్ల అమ్మేస్త. అడిగెటోళ్ళున్నరు.”

ఆ మాట నిదానంగా, ఏ కోపమూ లేకుండా అన్నాడు. నా ఒంటి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అట్లాగే చెప్పాను.

“అన్నా, జోడు ఊడలేదు.”

“ఏంది?”

“జోడు ఊడలేదన్నా. నేను నెల్లాళ్ళు ఎండలో రేకుల మీద పడేశాను. చెక్క చీలింది. జిగురు ఆగలేదని మీతో అబద్ధం ఆడాను. మొన్న ఎడమవైపన్నదీ అబద్ధమే.”

వెంట తెచ్చుకున్న సంచీలో నుంచి చెక్క ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. చీలిన పలకలో నుంచి కోసుకొచ్చిన ముక్క అది. చీలిక అంచు ఒక పక్క, దానికి నాలుగు వేళ్ళ దూరంలో జోడు, దారంలా సన్నటి గీత. ఆయన ఆ గీత మీద బొటనవేలి గోరు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. గోరు ఎక్కడా దిగలేదు. ముక్కను మోకాలికి అడ్డం పెట్టి రెండు చేతులతో బలమంతా వేసి వంచాడు. అది ఫట్టుమని విరిగింది. విరిగింది చెక్కే. జోడు అలాగే ఉంది.

“పట్టుకునే ఉన్నది” అన్నాడు. నాతో కాదు.

తరవాత నా వైపు తిరిగాడు. “మరి ఎందుకన్నవట్ల?”

“పక్కన నలుగురున్నారు. నా బద్ధకం అని చెప్పుకోడానికి సిగ్గేసింది.”

“వాళ్ళ ముందట నీకు సిగ్గయితదని, నన్ను రెండేండ్లు కూసోబెట్టినవు.”

నర్సింలు తన తలపాగా పిండుకుంటూ మొహం తిప్పుకున్నాడు. ఆ బరువు పలకను నర్సింలుకే వదిలేశాం. వాపసు బస్సులో పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఆయన వెళ్ళి ముందు కూర్చున్నాడు. విరిగిన రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మళ్ళీ పటేల్‌గూడ

ఇంట్లో వదినకు నేనే చెప్పాను. ఆమె గరిటె పట్టుకునే విన్నది.

“ఆర్నెల్లు ఉప్పు మోసిన నేను! దుకాణపోడు ‘ఏం వదినా, ఊరందరికి మామిడికాయ తొక్కు పెడ్తున్నవా’ అన్నడు. మొగడు పిచ్చోడైతుండని మొక్కులు మొక్కిన. నీ నోట్ల మన్నుబడ, ఒక్క ఫోన్ చేసి చెప్పరాలేదా?”

నేను తల వంచుకుని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె కంచం తెచ్చి ముందు పెట్టింది. “ఏడికి పోతవు? తిను. తిట్లు ఇంక శానా ఉన్నయి, ఉత్త కడుపు మీద ఆగవు.” ఎంతమంది ఇళ్ళలో ఎంతమంచి భోజనాలు చేశానో గాని, ఆ పూట తిన్న గటక, అదే జొన్న సంకటి, ఉల్లిగడ్డ కారం నాకు జన్మంతా గుర్తుంటాయి.

తెల్లవారి లేచేసరికి వాకిట్లో నీళ్ళ చప్పుడు. యాదగిరి అన్న డ్రమ్ము ఒరిగిస్తున్నాడు. జోడు ముక్కలన్నీ వాకిలంతా పరుచుకున్నాయి. బల్ల మీది బియ్యం డబ్బాలు అప్పటికే కింద ఉన్నాయి. నన్ను చూసి రందా చేతికిచ్చాడు. రందా అంటే మా వైపు చిత్రిక పట్టే పనిముట్టు.

“నీ పలక నువ్వే పట్టు. చెక్కను సాఫు చేసుడు ఎట్లుంటదో తెల్సుకోవాలె నీకు.”

నాలుగు రోజులు పట్టాను. పాశమైలారం పైన్ చెక్కలు నాలుగు ఎంచి, అంచులు అద్దంలా చేసి, రెండు అంచులు కలిపి దీపానికి ఎదురుగా పట్టాలి. మధ్యలో వెలుగు దూరితే మళ్ళీ పట్టాలి. మొదటి రోజంతా నా చెక్కల మధ్య నుంచి సూర్యుడే కనబడ్డాడు. “బర్రె దూరుతది” అనేవాడు ఆయన, ఇంకేమీ అనకుండా. రెండో రోజు సాయంత్రానికి వెలుగు ఆగింది. జిగురు పూసి బిగించాక, నేను గీసిన బొమ్మ ప్రకారం ముక్కు గుండ్రంగా, తోక నలుచదరంగా కోశాడు. పొట్ట వైపు చూపుకు అందనంత గుంత, అరచేతికి మాత్రమే తెలిసేది, ఆయనే చేశాడు. అది నా చేతికి వదల్లేదు.

అంచుల దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చేసి చెప్పాను. “అన్నా, పాత పలకకు మీరు అంచు వాలుగా కోశారు. నేను బొమ్మలో అది గీయలేదు. కానీ ఆ వాలే అలను పట్టుకునేది. పలక పక్కకు జారిపోకుండా కత్తిలా దిగేది. ఆ సంగతి మీకెలా తెలిసింది?”

ఆయన చేస్తున్న పని ఆపాడు. కాసేపు నన్ను అనుమానంగా చూశాడు, ఇది మూడో అబద్ధమా అన్నట్టు. తరవాత నవ్వు మొదలైంది.

“నాకేం తెల్సు? పలక ఏడ పెడ్తరంటే నువ్వు ఇసుకల అన్నవు. ఇసుకల పెట్టేది ఏదైన అంచుకు వాలు ఇయ్యాలె, లేకుంటే పైకి లేపేటప్పుడు అచ్చు కూలుతది. మా షాపుల మొట్టమొదలు నేర్పేది గదే. చెయ్యి దానంతటదే కోసింది. సత్తీ, ఇన్నవా! నా తప్పుతోని ఈయన అలలు ఎక్కిండట!”

“ఆయన తప్పుతోని నువ్వు డ్రమ్ములు నింపినవు. ఇద్దరు ఇద్దరే” అంది వదిన లోపల నుంచి.

ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె మూడు పూతలు పట్టించాక పలక తేనె రంగుకు వచ్చింది. ఒక్క చేత్తో లేపాను. చీర మడత ఎత్తినట్టు లేచింది. నేను ఇక బయలుదేరతానంటే యాదగిరి అన్న కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. వదిన చేతిలో సంచీ, దానిలో సకినాలు.

“పలక నీళ్ళల్ల ఎట్ల పోతదో నువ్వు ఫోన్ల చెప్తే నేను ఇనాల్నా? నీ మాట మీద ఇగ నాకు నమ్మకం లేదు తమ్మీ. నేనే వచ్చి నా కండ్లతోని చూస్త.”

ఆయన మాట గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే. అయినా వాళ్ళిద్దరూ నాతో రైలెక్కినందుకు ఆ మాటకే దండం పెట్టాలనిపించింది.

భీమిలి ఒడ్డు

రైల్లో మా పలకను చూసి ఇస్త్రీ బల్ల అనుకున్నవాళ్ళు ముగ్గురు, శవపేటిక మూత అనుకున్నాయన ఒకరు. ఆ ఆఖరాయనతో వదిన విజయవాడ దాకా మాట్లాడలేదు.

మొదటిసారి సముద్రాన్ని చూసిన మనిషి ఏమంటాడో అని ఎదురుచూశాను. యాదగిరి అన్న వంగి ఇసుక గుప్పెట్లోకి తీసుకుని పిసికి చూశాడు. “అచ్చు నిలువది. శానా బరక” అన్నాడు. వదిన నీళ్ళు అరచేతిలోకి తీసుకుని నాలుకకు అంటించి, ఉమ్మేసి, “మన డ్రమ్ముల నేను తక్వనే కలిపిన” అంది.

నేను పలకతో దిగాను. మొదటి అలకు అదను తప్పి, ముక్కు నీళ్ళలో గుచ్చుకుని, సముద్రం నన్ను చాపలా చుట్టి ఒడ్డున పడేసింది. ఒడ్డున అన్న ముఖం నల్లబడడం దూరం నుంచే కనబడింది. పలక తప్పు కాదు, నాదే అని చెయ్యి ఊపి చూపించాను. రెండో అల వదిలేశాను. మూడోది వెనక నుంచి నిదానంగా లేచింది. నాలుగు బారలు వేశాక పలక దానంతటది కదిలింది. అంచు నీటిలోకి దిగి పట్టుకుంది. పొట్ట కింద చెక్క సన్నగా మూలుగుతోంది. నేను ఏటవాలుగా, అల ముఖం వెంట, ఒడ్డున నిలబడ్డ ఆ ఇద్దరి ముందు నుంచి జారిపోయాను. యాదగిరి అన్న ఇస్త్రీ ప్యాంటు తడిసేదీ చూడకుండా మోకాళ్ళ లోతులో పక్కనే పరుగెత్తుతున్నాడు. “పోతున్నది! పోతున్నది సత్తీ! సూడు!”

పేట జనం పోగయ్యారు. పాత పలక సంగతి తెలిసిన ఆ నలుగురు స్నేహితులూ ఉన్నారు. ఎవరు చేశారురా అని అడిగారు. ఈయనే అన్నాను. ముందుదీ ఈయనే చేశారు, దాని జోడు ఊడలేదు, నేను ఎండలో పారేసి చీల్చి ఈయన మీద పెట్టాను అని కూడా చెప్పాను. ఒకడు ఇసుకలో కాలితో గీతలు గీశాడు. ఇంకొకడు వెళ్ళి యాదగిరి అన్నకు కొబ్బరి బొండాం కొట్టించి తెచ్చాడు. రెండేళ్ళు నేను భయపడ్డ క్షణం ఇంతే.

మర్నాడు పొద్దున అన్న తనే ఎక్కుతానన్నాడు. నడుము లోతులో పలక మీద బోర్లా పడుకోబెట్టి, నురగ వచ్చినప్పుడు వదిలాను. ఒడ్డు దాకా వెళ్ళి, ఇసుకలో కూరుకుని, నోట్లోని ఉప్పునీళ్ళు ఊసి, మళ్ళీ పట్టుకొమ్మన్నాడు. “అరవై రెండేండ్లొచ్చినయి, సిగ్గులేదు” అంది వదిన. అలా పదకొండుసార్లు. లెక్కపెట్టింది ఆమే.

వాళ్ళు వెళ్ళే ముందు క్షమాపణ అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “మాఫీ గిట్ల అడగకు. పలక ఎట్లున్నదో ఫోన్ చేసి చెప్పు. మంచిగుంటె మంచిగున్నదని చెప్పు. లేకుంటే లేదని చెప్పు.”

నిన్నటి సంగతి ఇది. పోటు తగ్గినప్పుడు దిగకూడదని తెలిసీ దిగాను. పలక అంచు రాయికి తగిలి బొటనవేలంత పెచ్చు లేచింది. ఒంటి మీది నీళ్ళు తుడుచుకోకుండానే ఫోన్ చేశాను. అవతల రందా చప్పుడు ఆగింది.

“అన్నా, పలక అంచు దెబ్బతింది. రాళ్ళున్న చోట దిగాను. తప్పు నాదే.”

“ఎంత లేచింది?”

“బొటనవేలంత.”

“ఎన్నడైంది?”

“ఇప్పుడే.”

“ఫోటో పంపు. ఎట్ల అతకాల్నో చెప్త” అన్నాడు. “జల్దీ పంపు. పంపు బాడీ పని మీదున్న, సేటు నెత్తి మీద కూసున్నడు.”